ఓపీటీ జీతంలో పొరపాటున కోసిన ఫైకా పన్ను వెనక్కి తెచ్చుకోవడం ఎలా

అమెరికాలో ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద చదివి ఓపీటీలో (చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే తాత్కాలిక అనుమతి) చేరినవాళ్లు మొదటి జీతం చీటీ (పే స్టబ్)‌లో చూడాల్సినవి రెండు కోతలు: సోషల్ సెక్యూరిటీ (పింఛను పథకం) 6.2 శాతం, మెడికేర్ (వృద్ధుల ఆరోగ్య బీమా) 1.45 శాతం. రెండూ కలిపి ఫైకా. పన్ను లెక్కల్లో ఇంకా నాన్ రెసిడెంట్‌గా ఉన్న విద్యార్థికి ఇవి పడకూడదు. పేరోల్‌లో మినహాయింపు నమోదు చేయకపోతే మాత్రం సాఫ్ట్‌వేర్ అందరితో పాటే కోసేస్తుంది.

‘ఓపీటీ ఉన్నన్నాళ్లూ మినహాయింపే’ అనుకోవద్దు. నాన్ రెసిడెంట్ లెక్క ఐదు క్యాలెండర్ సంవత్సరాలది. 2021 ఆగస్టులో దిగినవారికి ఆ నాలుగైదు నెలలే ఒక ఏడాది కింద పోతాయి. 2025 డిసెంబరు 31తో ఐదూ అయిపోతాయి. 2026లో 183 రోజులు అక్కడే ఉంటే, ఆ ఏడాది అక్కడున్న మొదటి రోజు నుంచే రెసిడెంట్. అప్పటి నుంచి కోత న్యాయమే. గతంలో ఎఫ్ లేదా జే (ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల) విద్యార్థి వీసా మీద గడిపిన ఏళ్లూ ఇందులో కలుస్తాయి. హెచ్-1బీకి మారితే, మారిన తేదీ నుంచి ఫైకా కట్టాల్సిందే.

కోసిన సొమ్ము డబ్ల్యూ-2లో (కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్ను కోతల పత్రం) 4, 6 గడుల్లో కనిపిస్తుంది. 2023లో 30,000 డాలర్ల జీతం వస్తే 4వ గడిలో 1,860, 6వ గడిలో 435, మొత్తం 2,295 డాలర్లు. 2వ గడిలోది ఆదాయపు పన్ను. దాని సంగతి నాన్ రెసిడెంట్లు వేసే 1040-ఎన్ఆర్ రిటర్నులో తేలుతుంది. ఫైకాను అదే రిటర్నులో అడిగితే రాదు.

ముందు కంపెనీనే అడగాలి, అదీ రాతపూర్వకంగా. కంపెనీ కూడా తన వాటాగా అంతే కట్టి ఉంటుంది, సరిదిద్దితే దానికీ వెనక్కి వస్తుంది. పేరోల్ వాళ్లకు రాసే మెయిల్‌లో ఈ మాట తప్పక పెట్టండి. ఒప్పుకుంటే వాళ్లు 941-ఎక్స్ (కంపెనీ తన పేరోల్ పన్ను లెక్కను సరిదిద్దే ఫారం) దాఖలు చేసి, మీకు డబ్బుతో పాటు సవరించిన డబ్ల్యూ-2సీ ఇస్తారు.

కుదరదంటే అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్‌కు మీరే ఫారం 843 (వాపసు కోరే దరఖాస్తు), దానికి జతగా ఫారం 8316 (ఫైకా వాపసు వివరాలు) పంపాలి. ఒక్కో సంవత్సరానికి విడిగా 843 నింపాలి. డబ్ల్యూ-2, పాస్‌పోర్టులోని వీసా పేజీ, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు), ఈఏడీ (పని అనుమతి) కార్డు నకళ్లు పెట్టాలి. అసలు ముఖ్యమైన కాగితం మరొకటి: మీకు ఎంత తిరిగిచ్చిందీ, తాను ఎంత క్లెయిమ్ చేసుకుందీ చెబుతూ కంపెనీ ఇచ్చే లేఖ. అది దొరకకపోతే ఆ వివరాలు, దొరకకపోవడానికి కారణం మీరే రాసి సంతకం చేయాలి. కంపెనీకి పంపిన మెయిళ్లు ఇక్కడే పనికొస్తాయి.

చాలామంది దెబ్బతినేది రిటర్ను దగ్గర. నాన్ రెసిడెంట్ అయి ఉండి, రెసిడెంట్లు వేసే మామూలు 1040 దాఖలు చేస్తే, మిమ్మల్ని మీరే రెసిడెంట్‌గా చెప్పుకున్నట్టు. ముందు దాన్ని సవరించి, ఆ తర్వాతే 843 పంపండి.

గడువు సాధారణంగా మూడేళ్లు, జీతం వచ్చిన ఏడాదికి మరుసటి ఏప్రిల్ 15 నుంచి. అంటే 2023 జీతానికి 2027 ఏప్రిల్ 15 దాకా. కవరు ట్రాకింగ్ ఉన్న పోస్టులో పంపి, మొత్తం కాగితాల జిరాక్సు దగ్గరుంచుకోండి. జవాబు రాకముందే ఇల్లు మారితే ఫారం 8822తో కొత్త చిరునామా తెలపాలి.