ట్రాక్టర్ లిఫ్ట్ విప్పే ముందు జాగ్రత్తలు

మిరుగు (మృగశిర కార్తె) దగ్గరపడింది. దేవరకొండ, చండూరు దిక్కు పత్తి చెల్కల్లో దుక్కులు మొదలైతే మెకానిక్ దొరకడు. ఆయిల్ ప్రెషర్‌తో పనిముట్టును లేపే హైడ్రాలిక్ లిఫ్ట్‌ను ఇంటి దగ్గరే చూసుకునేవాళ్లు ముందుగా ఇవి గమనించండి.

– లేపి ఉన్న కల్టివేటర్ కిందికి దూరొద్దు. ఇంజన్ ఆపినా లోపల ఆయిల్ జారితే, పిల్లలెవరైనా లివర్ కదిపితే మొత్తం మీద పడుతుంది. పనిముట్టును నేలకు దించి, తాళం చెవి జేబులో వేసుకోండి. లేపే చూడాల్సి వస్తే గట్టి కట్టె మొద్దులు పెట్టండి. జాకీ ఒక్కటే చాలదు. ఇటుకలు అసలే వద్దు, పగిలిపోతాయి.

– లీకేజీని చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ప్రెషర్ మీదున్న సన్నటి ధార చర్మంలోకి దూరితే పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది. మొదట్లో నొప్పి లేకపోయినా వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. ఆలస్యమైతే వేలో, చెయ్యో పోవచ్చు.

– ముందు డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల) చూడండి. ఆయిల్ తగ్గినా, ఫిల్టర్ మూసుకుపోయినా లిఫ్ట్ లేవదు. ఆయిల్ తెల్లబారితే నీళ్లు కలిసినట్టే.

– బరువు బాగానే లేచి, ఇంజన్ ఆపగానే దిగిపోతోందా? పంపును అనుమానించకండి. సిలిండర్ సీలో, కంట్రోల్ వాల్వో కారుతుంటుంది. ఉత్తపుణ్యానికి కొత్త పంపు కొనకండి.

– బలం చాలట్లేదని రిలీఫ్ వాల్వ్ (ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసేది) బిగించొద్దు. పైపులు పగులుతాయి.

– చాలా ట్రాక్టర్లలో గేర్‌బాక్స్‌కు, లిఫ్ట్‌కు ఆయిల్ ఒకటే, దుమ్ము పడితే రెండిటికీ చేటే. మూత తీసేముందు చుట్టూ దుమ్ము తుడవండి.