శిలువ చివరలు చూసి కొనండి

మూడో హెన్రీ కాలపు ఇంగ్లండ్ వెండి పెన్నీ చేతికొస్తే అందరూ ముందు రాజు ముఖమే చూస్తారు. మీరు మాత్రం వెనక్కి తిప్పండి. 1247లో మొదలైన పెన్నీల మీద శిలువ నాలుగు చేతులూ అంచుదాకా సాగుతాయి. అంతకుముందు శిలువ పొట్టిది. అంచు కత్తిరించి వెండి కాజేసినా పట్టుకోవడం కష్టమయ్యేది, అందుకే పొడవు చేశారు. కాబట్టి నాలుగు చివరలూ ఉన్నాయా, చుట్టూ అక్షరాలు తెగాయా అని భూతద్దంతో చూడండి. తర్వాత తూకం వేయండి. మంచి పెన్నీ సుమారు 1.4 గ్రాములు ఉంటుంది.

ఆకారం వంకరగా ఉందని టెన్షన్ పడకండి, సుత్తితో కొట్టిన నాణెం అలాగే ఉంటుంది. సగం ముక్క దొరికినా వదిలేయొద్దు. చిల్లర కోసం అప్పట్లో శిలువ గీత వెంటే కోసేవారు. నాకైతే ఆ ముక్కలంటేనే ఎక్కువ ఇష్టం, సంతలో చేతులు మారిన డబ్బు అది. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత కనిపిస్తే మాత్రం అనుమానించాల్సిందే, అచ్చులో పోసిన నకిలీ కావచ్చు.

ఇంకో మాట, ఇంట్లో వెండి కుంకుమభరిణె తోమినట్టు చింతపండుతోనో పళ్లపొడితోనో దీన్ని తోమకండి. ఆ నల్లటి పొర పోతే విలువా పోతుంది.