అంతస్తుల మధ్య నెట్‌వర్క్ స్విచ్‌లు కలపాలా? కేబుల్, మాడ్యూల్ ఇలా ఎంచుకోండి

విశాఖ ద్వారకానగర్‌లో ఐదంతస్తుల ఆఫీసు. రాత్రి పిడుగుల వాన పడింది. తెల్లారి వెళ్లి చూస్తే కంప్యూటర్లను కలిపే స్విచ్‌లన్నీ ఆన్‌లోనే ఉన్నాయి, కింది అంతస్తు నుంచి పైకి మాత్రం పింగ్ (అవతలి యంత్రం పలుకుతోందా అని చూసే సందేశం) వెళ్లడం లేదు. పోయినవి అంతస్తులను కలిపే పోర్టులే. వాటి మధ్య ఉన్నది మామూలు క్యాట్ 6 రాగి కేబుల్. వేసిన రోజున ఎలక్ట్రీషియన్ అన్న మాట నాకింకా గుర్తుంది: "ఏటవ్వదు సార్, వైరే గదా!"

అప్పట్నుంచి నేను పాటించే పద్ధతి ఇది. ఒకే గదిలో అయితే రాగి. అంతస్తు మారితే ఫైబర్. ఫైబర్‌లో వెళ్లేది వెలుగు. గాజుపోగులో కరెంటు పారదు కాబట్టి పై అంతస్తు ఎర్తింగ్‌కీ కింది అంతస్తు ఎర్తింగ్‌కీ తేడా ఉన్నా దానికి పట్టదు.

ముందు దూరం కొలవండి. టేపు కన్నా తాడు మేలు. పైనుంచి షాఫ్ట్‌లోకి (అంతస్తుల గుండా కేబుళ్లు దింపే నిలువు సందులోకి) వదిలి, కేబుల్ ఏ దారిన వెళ్తుందో అదే దారిన తిప్పండి. ఆ ద్వారకానగర్ ఆఫీసులో అందరూ "ఇరవై మీటర్లుంటుందేమో" అన్నారు. తీరా కొలిస్తే కింది ర్యాక్ (స్విచ్‌లు బిగించే బీరువా) నుంచి షాఫ్ట్‌కి 14 మీటర్లు, నిలువుగా 13, పైన షాఫ్ట్ నుంచి ర్యాక్ దాకా 22, ర్యాకుల్లో ఎక్కి దిగడానికి 4. రెండు చివర్లా చుట్టి ఉంచే 5 మీటర్ల చొప్పున కలిపితే మొత్తం 63.

ఆ లెక్క ఎందుకంటే, క్యాట్ 6 మీద సెకనుకు 10 గిగాబిట్ల వేగం మహా అయితే 55 మీటర్లే వస్తుంది, కట్టలు కట్టలుగా కేబుళ్లుంటే ఇంకా తగ్గుతుంది. 100 మీటర్ల దాకా 10 గిగాబిట్ కావాలంటే క్యాట్ 6ఏ వేయాలి. 1 గిగాబిట్‌కైతే మామూలు క్యాట్ 5ఈ కూడా 100 మీటర్లు లాగేస్తుంది.

తర్వాత వేగం. పదహారు సీసీ కెమెరాలు ఒక్కోటి 4 మెగాబిట్లు పంపినా మొత్తం 64 మెగాబిట్లే, 1 గిగాబిట్ లింకు దండిగా సరిపోతుంది. సర్వర్‌లోంచి పెద్ద వీడియో ఫైళ్లు తీసి పది మంది ఒకేసారి ఎడిట్ చేసే చోట 10 గిగాబిట్ పెట్టండి. ఇవాళ ఒకటి చాలన్నా కేబుల్ మాత్రం పదికి పనికొచ్చేదే వేయండి. మాడ్యూల్ (స్విచ్ పోర్టులో గుచ్చి కేబుల్ తగిలించే చిన్న ముక్క) రెండు నిమిషాల్లో మార్చుకోవచ్చు, షాఫ్ట్‌లో కేబుల్ మార్చాలంటే ఒక ఆదివారం పోతుంది.

ఖర్చు చూసి రాగే వేస్తామంటే ఒక్క పరీక్ష చేయండి. కేబుల్ చివర తొక్క తీసి, లోపలి తీగను బ్లేడుతో గీకండి. లోపలా ఎర్రగానే ఉంటే అది రాగి. తెల్లగా మెరిస్తే అల్యూమినియం మీద రాగి పూత. అలాంటి కట్ట చేతికి తేలిగ్గా తగులుతుంది, ధర తక్కువుంటుంది, వంచితే తెగుతుంది. దాన్ని షాపులోనే వదిలేసి రండి.

రెండు చివర్లా మాడ్యూల్ అతికించి అమ్మే డ్యాక్ కేబుల్ ఒకటుంది. చవక, వేడెక్కదు. కానీ మామూలుగా 7 మీటర్లకు మించదు, ఆ లావుపాటి తల పైపులో దూరదు. అది ఒకే ర్యాక్‌లో పై స్విచ్‌కీ కింది స్విచ్‌కీ మాత్రమే. రాగి కేబుల్ గుచ్చే 10 గిగాబిట్ మాడ్యూళ్లకూ నేను దూరం. మామూలుగా 30 మీటర్లకు మించి పనిచేయవు, పైగా ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. మన ఉక్కపోతలో ఏసీ లేని ర్యాక్‌లో వాటిని పెట్టడం కోరి టెన్షన్ తెచ్చుకోవడమే.

ఫైబర్‌లో రెండు రకాలు: వెలుగు పారే దారి లావుగా ఉండే మల్టీ మోడ్, సన్నగా ఉండే సింగిల్ మోడ్. మల్టీ మోడ్ ఓఎం3లో 10 గిగాబిట్ 300 మీటర్లు వెళ్తుంది, ఓఎం4లో 400. సాధారణంగా సముద్రపు నీలి రంగు తొడుగు. పాత భవనాల్లో నారింజ రంగుది కనిపిస్తే జాగ్రత్త, అది వెలుగు పారే దారి 62.5 మైక్రాన్లుండే పాత రకమైతే 33 మీటర్ల దగ్గరే చతికిలపడుతుంది. సింగిల్ మోడ్‌ది పసుపు తొడుగు, దూరం పంపే ఎల్‌ఆర్ మాడ్యూళ్లతో 10 కిలోమీటర్లు. అంతస్తుల మధ్య అంత దూరం అక్కర్లేకపోయినా నేను సింగిల్ మోడే వేస్తాను. రేపు 25, 100 గిగాబిట్లకు మారినా ఆ గాజే పనికొస్తుంది. ఎల్‌ఆర్‌ని పది మీటర్ల దూరంలో వాడినా రిసీవర్‌కేమీ కాదు.

లింకుకు కావలసింది రెండు కోర్లే (గాజుపోగులే) అయినా ఆరు కోర్ల కేబుల్ వేయండి. ప్రతి అంతస్తు నుంచీ నేరుగా మెయిన్ ర్యాక్‌కే తీసుకురండి. ఒకదాన్నించి ఒకదానికి గొలుసు కడితే మధ్య స్విచ్ ఆగిన రోజు పైవాళ్లందరూ ఆగిపోతారు.

షాఫ్ట్ లేదు, బయటి గోడ మీంచి దింపేద్దామంటే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలి ఏం చేసిందో గుర్తు చేసుకోండి. తప్పదనుకుంటే ఎండకు తట్టుకునే నల్ల తొడుగు కేబుల్, దానికి గట్టి పైపు. లోపలికి మాత్రం మంటల్లో విషపు పొగ తక్కువ వచ్చే ఎల్‌ఎస్‌జెడ్‌హెచ్ తొడుగుది అడగండి. ఉక్కు కవచం ఉన్నది లోపల వద్దు, అది మళ్లీ కరెంటుకు దారి ఇస్తుంది. లాగేటప్పుడు గాజును కాదు, లోపలి పసుపు నూలుపోగులను పట్టి లాగాలి. వంపు వ్యాసార్థం లాగేటప్పుడు కేబుల్ మందానికి ఇరవై రెట్ల కన్నా, వేసేశాక పది రెట్ల కన్నా తగ్గకూడదు. రెండు చివర్లా ఎల్‌ఐయూ డబ్బాలో (ఫైబర్ చివరలు ముగిసే పెట్టెలో) స్ప్లైసింగ్, అంటే పోగులను అతికించడం, చేయించి, అక్కడి నుంచి ప్యాచ్ కార్డుతో (పొట్టి ఫైబర్ తీగతో) స్విచ్‌కి.

మాడ్యూల్ కొనేముందు స్విచ్ పోర్టు చూడండి. ఎస్‌ఎఫ్‌పీ అంటే 1 గిగాబిట్, ఎస్‌ఎఫ్‌పీ ప్లస్ అంటే 10. రెండో దాంట్లో 1 గిగాబిట్ మాడ్యూల్ చాలాసార్లు నడుస్తుంది, మొదటి దాంట్లో 10 రాదు. రెండు చివర్లా ఒకే రకం ఉండాలి: ఎల్‌ఆర్‌కి ఎల్‌ఆర్, మల్టీ మోడ్‌కి వాడే ఎస్‌ఆర్‌కి ఎస్‌ఆర్. ఒకే కోర్ మీద నడిచే బైడీ మాత్రం జతగా కొనాలి, 10 గిగాబిట్‌వైతే ఒకటి 1270 నానోమీటర్ల మీద పంపితే రెండోది 1330 మీద పంపాలి. కొన్ని కంపెనీల స్విచ్‌లు వేరే కంపెనీ మాడ్యూళ్లను ఒప్పుకోవు. అందుకే మీ స్విచ్ మోడల్ నంబరు చెప్పి, "దీనికి కోడింగ్ చేసిందేనా?" అని అడిగి, నడవకపోతే వాపసు తీసుకుంటామన్న మాట తీసుకోండి. కనెక్టర్ ఎల్‌సీ, నీలి రంగుది. ఇంటి ఇంటర్నెట్ డబ్బా వెనక కనిపించే ఆకుపచ్చ కనెక్టర్ ఏటవాలుగా కోసింది, నీలిదానికి దాన్ని కలపకూడదు.

గుచ్చే ముందు ఫైబర్ మొన తుడవండి, కానీ చొక్కా అంచుతో కాదు, దానికున్న క్లీనర్ పెన్‌తో. ఉప్పుగాలి ఊరు మనది, ఖాళీ పోర్టులకు మూతలు తీయకండి. లైటు వస్తుందో లేదో అని పోగులోకి కన్ను పెట్టకండి, ఆ వెలుగు కంటికి కనబడదు, హాని మాత్రం చేయగలదు.

లింకు లైటు వెలగలేదా? ఒక చివర ఎల్‌సీలోని రెండు పోగులనూ అటుది ఇటు, ఇటుది అటు మార్చండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. వెలిగాక స్విచ్ తెరమీద మాడ్యూల్ అందుకుంటున్న వెలుగు చూడండి. 10 గిగాబిట్ ఎల్‌ఆర్‌కి అది మైనస్ 14.4 డీబీఎం (వెలుగు బలం కొలత) కన్నా కిందికి పోకూడదు. 63 మీటర్లకే మైనస్ 10 కన్నా కిందికి కనబడితే ఏదో ఒక మొన మురికిగా ఉండొచ్చు. మళ్లీ తుడిచి చూడండి.

మిగిలిన కోర్లతో రెండో లింకు కూడా వేయాలనిపిస్తే, ముందు రెండు స్విచ్‌లలోనూ ఎల్‌ఏసీపీ (రెండు లింకులను ఒక్కటిగా నడిపే సెట్టింగు) పెట్టి, ఆ తర్వాతే గుచ్చండి. ఉత్తినే గుచ్చితే లూప్ పడి (డేటా అక్కడక్కడే గిరగిరా తిరిగి) ఆఫీసంతా ఆగిపోవచ్చు.