పిల్లల ఎదుగుదల గమనిద్దాం – పాఠం 3: ‘ఎన్నో నెలకి?’ అన్న ప్రశ్న

గత పాఠంలో నోట్‌బుక్ మొదలుపెట్టాం. ‘చాలా చురుగ్గా ఉంది’ అని కాకుండా ‘బోర్లా పడుకోబెడితే తల ఎత్తి గిలక చప్పుడైన వైపు చూసింది’ అని, కళ్ళకి కనిపించింది మాత్రమే తేదీ వేసి రాయాలనుకున్నాం. ఇప్పుడు ఆ రాతల్ని వయసుతో సరిచూసుకుందాం. చాలామందికి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే.

ముందు అసలు వయసెంతో తేల్చుకోండి. బిడ్డ నెలలు నిండకుండా పుడితే పుట్టిన తేదీ నుంచి కాదు, డాక్టరు ముందుగా అంచనా వేసి ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి లెక్కపెట్టాలి. 8 వారాలు ముందు పుట్టిన పాపకి ఇవాళ 6 నెలలు నిండితే, ఎదుగుదల లెక్కలో దాదాపు 4 నెలలే. మామూలుగా రెండేళ్ళ దాకా ఇలాగే చూస్తారు. టీకాలకి మాత్రం ఈ సవరణ లేదు, అవి పుట్టిన తేదీ ప్రకారమే.

ఇక అసలు విషయం. ‘ఏడాదికి నడవాలి’ అంటుంటారు కదా, అది సగటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని గమనించి 2006లో ఇచ్చిన లెక్కల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం సుమారు 4 నుంచి 9 నెలల మధ్య, తనంతట తాను నడవడం 8 నుంచి పదిహేడున్నర నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అందరికన్నా ముందు నడిచిన బిడ్డకీ చివర నడిచిన బిడ్డకీ తొమ్మిది నెలలకు పైగా తేడా, అయినా ఇద్దరూ మామూలు పిల్లలే. కాబట్టి ‘మావాడు తొమ్మిదో నెలకే నడిచేశాడు’ అని ఎవరైనా అంటే సంతోషమని చెప్పి ఊరుకోండి, దానికి మీ నోట్‌బుక్‌లో చోటు అక్కర్లేదు. అదే పరిశీలనలో వందకి నలుగురు పిల్లలు చేతులూ మోకాళ్ళ మీద పాకనే లేదు, వేరే దారిలో నడకకి వచ్చేశారు.

చెక్‌లిస్టులన్నీ ఒకేలా ఉండవు, ఇది చాలామంది పట్టించుకోరు. ఒక పని పక్కన ఒక నెల రాసి ఉంటే, ఆ నెలకి ఎంతమంది పిల్లలు ఆ పని చేస్తారని అర్థం? అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో తన లిస్టుని మార్చి, కనీసం 75 శాతం మంది పిల్లలు చేయగలరని అనుకునే వయసు దగ్గర ఒక్కో పనినీ పెట్టింది. సగం మంది చేసే వయసు రాసిన లిస్టులో ఒకటి తప్పితే కొంచెం ఆగి చూడొచ్చు, ఇలాంటి లిస్టులో తప్పితే మాత్రం డాక్టర్ని అడగాల్సిందే. అడిగితే పోయేదేం లేదు.

కొన్నిటికి ఆగడం అసలు వద్దు. అన్నిటికన్నా ముందు, వచ్చిన పని పోవడం: నిన్నటిదాకా అన్న మాటలు ఆగిపోయినా, పిలిస్తే తిరిగే పిల్లాడు తిరగడం మానేసినా, ఏ వయసులోనైనా సరే వెంటనే చూపించాలి. ఏడాదికి చెయ్యి ఊపడం, వేలితో చూపించడం లాంటి సైగలేవీ లేకపోయినా, 16 నెలలకి ఒక్క మాటా రాకపోయినా, 18 నెలలకి నడవకపోయినా, రెండేళ్ళకి సొంతంగా రెండు మాటలు కలపకపోయినా (మనం అన్నది తిరిగి అనడం ఇందులోకి రాదు) అంతే. ఇంకోటి, ఏడాదిలోపే ఎప్పుడూ ఒకే చేత్తో అందుకుంటుంటే ఎడమచేతివాటమనో కుడిచేతివాటమనో మురిసిపోతాం గానీ, ఆ వయసుకి రెండు చేతులూ వాడాలి, రెండో చేతిలో బలం తక్కువుందేమో చూపించాలి.

మాటలు ఆలస్యమైతే ముందు చేయించాల్సింది వినికిడి పరీక్ష. చెవులు వినపడని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ కొడతారు, గొంతు వినిపిస్తారు, కాబట్టి ‘చప్పుళ్ళు చేస్తోందిగా’ అని ధీమాగా ఉండకండి.

ఈ వారం పని: నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీయండి. మొదటిదాంట్లో నెల కిందట చేయనిది, ఇప్పుడు చేస్తున్నది. రెండోదాంట్లో సాయం చేస్తే చేసేది, ఎంత సాయమో కూడా (రెండు చేతులు పట్టుకుంటేనా, ఒక వేలు ఇస్తే చాలా). మూడోదాంట్లో అప్పుడు చేసి ఇప్పుడు మానేసినది. ఆకలి మీదో నిద్ర మత్తులోనో ఉన్నప్పుడు చూసి ‘చేయట్లేదు’ అని రాసేయకండి, వేర్వేరు రోజుల్లో వేర్వేరు వేళల్లో చూడండి. మూడో గడిలో ఏదైనా చేరితే పాఠం 4 కోసం ఆగకుండా ఆ పేజీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.