రెండు గేదెలతో పాడి మొదలెట్టేవాళ్ళకి

పాడి పెడదామనుకునేవాళ్ళు చాలామంది ముందు షెడ్డు కట్టేస్తారు, డబ్బంతా రేకులకీ సిమెంటుకీ పోశాక గేదెల కోసం అప్పు వెతుక్కుంటారు. నన్నడిగితే ముందు గడ్డి వెయ్యండి. నీళ్ళుంటే పదిహేను ఇరవై సెంట్లలో సూపర్ నేపియర్ నాటండి, రెండున్నర నెలలకి మొదటి కోత వస్తుంది, ఆ తర్వాత 45 రోజులకోసారి కోసుకోవచ్చు. గడ్డి కోతకొచ్చాకే సంతకెళ్ళండి.

కొనేటప్పుడు పొదుగు సైజు చూసి పడిపోవద్దు. ఒక పూట పితక్కుండా వదిలేస్తే ఏ పొదుగైనా బిగుసుకుని ఇంత లావు కనిపిస్తుంది, అమ్మేవాడికి అది తెలుసు. బయానా ఇచ్చేముందు వరసగా మూడు పూటలు దగ్గరుండి పితికించి కొలుచుకోండి, మొదటి పూట పాలు లెక్కలో వెయ్యకండి, మిగతా రెండు పూటలదే అసలు లెక్క. పితికాక పొదుగు ముడతలు పడి మెత్తగా జారిపోవాలి, అప్పటికీ గట్టిగానే ఉందంటే అది కండ, లేకపోతే పొదుగువాపు. నాలుగు చన్నుల్లోనూ ధార సమానంగా వస్తోందా చూడండి. రెండో ఈతది (రెండోసారి ఈనినది), ఈని నెల లోపుదైతే మంచిది, పక్కన పేయ (ఆడ) దూడ ఉంటే ఇంకా మంచిది. ముర్రా జాతి అని చెప్పి ఏదో ఒకటి అంటగట్టేవాళ్ళు ఉంటారు, అసలు ముర్రాకి కొమ్ములు చిన్నగా గుండ్రంగా చుట్టుకుని ఉంటాయి, ముందు అవి చూడండి.

మేత సంగతికొస్తే గేదెకి రోజుకి 25-30 కేజీల పచ్చగడ్డి, 5-6 కేజీల వరిగడ్డి, దాణా మాత్రం దాని ఒంటి పోషణకి 1.5-2 కేజీలు పోగా ప్రతి 2 లీటర్ల పాలకి ఇంకో కేజీ. ఖనిజ మిశ్రమం 50 గ్రాములు రోజూ కలపండి, చాలామంది ఎగ్గొట్టేది ఇదే, తర్వాత గేదె ఎదకి రావట్లేదని డాక్టర్ చుట్టూ తిరుగుతారు. ఇంకోటి, జొన్న కోసేసిన మోళ్ళ మీద వచ్చే లేత పిలకలు అస్సలు మేపకండి, నాము (లేత జొన్నలో ఉండే విషం) తగిలి గంటల్లోనే పోయే ప్రమాదం ఉంది.

గేదె ఆవులాగా ఎదకొచ్చినట్టు గోల చెయ్యదు, ఎండాకాలంలో అయితే అసలు తెలీదు. తీగ వేసిందా (మానం నుంచి జిగట కారిందా), పాలు హఠాత్తుగా తగ్గాయా పొద్దున్నా సాయంత్రం గమనించండి. పొద్దున కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున చూడి సూది (కృత్రిమ గర్భధారణ) వేయించి, క్యాలెండర్ మీద తేదీ రాసి 21 రోజులకి మళ్ళీ ఎదకొచ్చిందేమో చూడండి. చూడి దాదాపు 310 రోజులు, చివరి 2 నెలలు పాలు తీయకుండా వదిలెయ్యాలి. గాలికుంటు టీకా 6 నెలలకోసారి, గొంతువాపుది వానలకి ముందే. ఈనిన గంటలోపే దూడకి జున్నుపాలు పట్టండి, మాయ పడేదాకా ఆగక్కర్లేదు.

పాలు తీసేటప్పుడు దూడని ముందు వదిలి చేపించుకోండి (పాలు చన్నుల్లోకి దిగేలా చేసుకోండి), చివరి పాలు దానికని వదిలేయకండి. మొదట వచ్చే పాలు పల్చన, వెన్నంతా ఆఖరి ధారల్లోనే ఉంటుంది, అది దూడ తాగేస్తే పాలకేంద్రంలో ఫ్యాట్ (వెన్న శాతం) 7 రావాల్సింది 5కి పడిపోయి మిషన్ మీద గొడవపడతారు. దూడకి మీరే కొలిచి పోయండి. పితికాక చన్నులు అయోడిన్ ద్రావణంలో ముంచి అరగంట పడుకోనివ్వకండి, కాస్త మేత వేస్తే అదే నిలబడి తింటుంది.