మనాలి వెళ్తున్నారా? ముందు పడమర సంగతి చూడండి

జనవరిలో మనాలికో గుల్‌మార్గ్‌కో టికెట్లు తీసుకున్నవాళ్లు ఫోన్‌లో పదిహేను రోజుల వాతావరణం తెరిచి, ఏ తేదీ దగ్గర మంచు బొమ్మ ఉందా అని వెతుకుతుంటారు. ఆ బొమ్మను నమ్మి ప్లాన్ వేయకండి. అంత ముందుగా తేదీ తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు.

చూడాల్సింది వెస్టర్న్ డిస్టర్బెన్స్, అంటే పడమటి నుంచి వానా మంచూ మోసుకొచ్చే వాతావరణ వ్యవస్థ, ఉందా లేదా అని. చలికాలంలో పశ్చిమ హిమాలయాల్లో కురిసే మంచు చాలావరకు దీని చలవే. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, పైన వీచే పడమటి గాలుల వెంట ఇరాన్, అఫ్గానిస్తాన్ మీదుగా ఇటు వస్తుంది. అంత దూరం నుంచి వస్తుంది కాబట్టే వాతావరణ శాఖ కొన్ని రోజుల ముందే చెప్పగలుగుతోంది. వాళ్ల బులెటిన్‌లో అది బలమైనదా, అరేబియా సముద్రం నుంచి తేమ కలుస్తోందా, వెనకే ఇంకోటి ఉందా చూడండి. ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. మొదటిదానికి మూసుకుపోయిన రోడ్డు తెరుచుకునేలోపే రెండోది వచ్చి పడితే హోటల్ గదిలోనే సెలవులన్నీ అయిపోతాయి.

మనాలి ఎత్తు సుమారు 2,000 మీటర్లు, రోహ్‌తాంగ్ కనుమ 3,978. కింద వాన పడుతుంటే పైన మంచు దట్టంగా కురుస్తుండొచ్చు. ఊళ్లో వానే కదా అని మనాలికి పైనున్న సోలాంగ్ లోయ దాటి వెళ్లకండి. ఆరెంజ్, రెడ్ అలర్ట్ ఉన్న రోజు డ్రైవర్ ‘కుఛ్ నహీ హోగా సార్’ అన్నా సరే, కదలొద్దు. రోహ్‌తాంగ్ కింద కొండను తొలిచి వేసిన అటల్ టన్నెల్ లోపల బాగానే ఉంటుంది, జారేది దాని రెండు వైపులా ఉన్న రోడ్లు.

దారిలో చిక్కుకుంటే హీటర్‌తో జాగ్రత్త. 2022 జనవరిలో పాకిస్తాన్‌లోని ముర్రీలో మంచులో ఇరుక్కుని 20 మందికి పైగా చనిపోయారు, చాలామంది కార్లలోనే. సైలెన్సర్ గొట్టం మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ కారులోకి చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఇంజిన్ వేసే ముందు ప్రతిసారీ గొట్టం చుట్టూ మంచు తీసేయండి, కాసేపే నడపండి, అద్దం కొంచెం దించి ఉంచండి.

మంచు ఆగి ఎండ కాసిన రోజు ఫొటోలకు బాగుంటుంది కానీ, కొత్తగా పేరుకున్న మంచు వాలు మీద నుంచి జారిపడేది కూడా అప్పుడే. నిటారు వాలుల కిందకు పోవద్దు. శ్రీనగర్ నుంచి తిరుగు విమానమైతే మంచుకు రద్దవుతుంటుంది, ఆఫీసులో సెలవు రెండు రోజులు అదనంగానే పెట్టండి.