బల్బు ఊడి క్యాప్ హోల్డర్‌లోనే ఉండిపోతే

రెండు పిన్నుల బల్బుకి హోల్డర్‌లో దిగే లోహపు భాగమే క్యాప్. దాని వ్యాసం 22 మిల్లీమీటర్లు. ఫిలమెంట్ బల్బుకైతే క్యాప్ లోపలి అంచున రాతిపొడి, రెజిన్, స్పిరిట్ కలిపిన ముద్ద పెట్టి, గాజు మెడ దించి, వేడితో గట్టిపరుస్తారు. రెండు తీగల్నీ అడుగునుంచి బయటికి లాగి టంకం వేస్తారు. ఎల్ఈడీలకి ముద్ద ఉండదు, ప్లాస్టిక్ మీద క్యాప్‌ని నొక్కి బిగించడమే.

విశాఖలో, అందులోనూ బీచ్ రోడ్డు వైపు వరండాల్లో, ఉప్పుగాలికి క్యాప్ హోల్డర్‌ని పట్టేస్తుంది. గట్టిగా తిప్పితే గాజొక్కటే చేతికొస్తుంది. ఇక తిప్పకండి, లోపలి తీగలు మెలిపడి షార్టవుతాయి. స్విచ్ ఒక్కటే చాలదు, మెయిన్ ఆపండి: స్విచ్‌ని కరెంటొచ్చే ఫేజ్ తీగకి కాక, తిరిగెళ్ళే న్యూట్రల్ తీగకి కలిపిన ఇళ్ళూ ఉంటాయి, అక్కడ స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటుంటుంది. టెస్టర్‌తో చూసుకుని, చల్లారాక తీగలు కత్తిరించండి. నోస్ ప్లయర్‌తో క్యాప్ అంచు పట్టి, లోపలికి నొక్కుతూ ఎడమకి తిప్పితే వస్తుంది. ఊడిన ఫిలమెంట్ బల్బుని మామూలు జిగురుతో అతికించొద్దు, వేడికి నిలవదు. హోల్డర్ పిన్నులకి చిలుము పడితే హోల్డరే మార్చండి.